లారీ ఎక్కిన ఇల్లు

సీతారత్నం కొత్తింట్లో పాలు పొంగించిన ఇరవై నిమిషాలకి ఒక ముసలాయన గుమ్మం దగ్గర నిలబడి, "ఈ ఇంటిని ఎప్పుడు పట్టుకుపోతారమ్మా?" అని అడిగాడు.

అడిగినాయన మర్యాదస్తుడే. టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ అడిగాడు. పొరపాటు ఆయనది కానే కాదు. ఎవరిదో తేల్చాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సీతారత్నానిది రేపల్లె దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక విద్యాసాగర్ వెంట కివీల దేశం చేరి డునెడిన్‌లో దిగింది. దిగిన ఎనిమిదేళ్లలో ఆరు ఫ్లాట్లు మారింది. మొదటి ఫ్లాట్‌లో ఎండ పడేది కాదు. రెండోది ఓనరు అమ్మేసుకున్నాడు. మూడోదాని పైన యూనివర్సిటీ కుర్రాళ్లు కాపురం. వాళ్లు పడుకునే వేళకి ఈమె లేచేది. నాలుగోదాని ఓనరమ్మకి ముక్కు మహా చురుకు. ఇంగువ పోపు పడితే చాలు, వీధి చివర నుంచి ఫోను చేసేది. ఇవి చాలవన్నట్టు మూడు నెలలకోసారి ఏజెంటు వచ్చి, చేతిలో కాగితం పట్టుకుని పొయ్యి లోపలికి తొంగి చూసి మార్కులు వేసేవాడు. ఆసుపత్రి లాండ్రీలో రోజుకి వందల దుప్పట్లు మడతపెట్టే మనిషి సీతారత్నం. శుభ్రం గురించి ఆమెకి ఇంకొకడు చెప్పాలా? ఒళ్లు మండేది.

"నాకో ఇల్లు కావాలండీ," అంది మొగుడితో, 2004లో ఒకనాడు. "చిన్నదైనా సరే, పాతదైనా సరే. నా పొయ్యిలోకి ఇంకొకడు తొంగి చూడకూడదు."

విద్యాసాగర్ కాదనలేదు. ఆయన యూనివర్సిటీలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు, పైసా వృథా చేయడు, సిగరెట్టు ముట్టడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, వాస్తు. ఏ ఇల్లు చూడబోయినా ముందు జేబులోంచి దిక్సూచి తీస్తాడు, తర్వాత కళ్లజోడు పెట్టుకుంటాడు. అలా రెండేళ్లలో ఇరవైమూడు ఇళ్లకి వంక పెట్టాడు. ఒకదానికి నైరుతి పెరిగింది, ఇంకోదానికి ఈశాన్యంలో మరుగుదొడ్డి. ఈయన దిక్కులు చూసే లోపల ఇళ్ల ధరలు చుక్కలనంటాయి.

ఆ దేశంలోనే జాన్సన్‌విల్‌లో ఉండే బావగారు శ్రీనివాసమూర్తి ఫోను చేసినప్పుడల్లా, "ఇంకా ఫ్లాట్‌లోనే ఉన్నారా? మేం సెటిలై నాలుగేళ్లయింది," అనేవాడు. సీతారత్నం ఫోను పెట్టేసి పళ్లు నూరుకునేది.

అలాంటి రోజుల్లో పేపర్లో మటాయ్ క్రీక్ ఇల్లు కనబడింది. డునెడిన్ నుంచి కారులో యాభై నిమిషాలు. ఊరంటే ఊరనడానికి మొహమాటపడాలి. ఒక బడి, ఒక కమ్యూనిటీ హాలు, పాలూ బ్రెడ్డూ అమ్మే ఒక డైరీ కొట్టు, ఒక బారు, పాతిక కొంపలు. మిగతాదంతా పచ్చగడ్డి. ఆ గడ్డి మధ్య చెక్క గోడల ఇల్లు, రేకుల కప్పు, మూడు గదులు, ముందు వరండా. ఎనభై ఏళ్ల కిందటిదట. అయినా తలుపు నెడితే కిర్రుమనలేదు.

విద్యాసాగర్ దిక్సూచి పట్టుకుని ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎప్పుడూ లేనిది, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రత్నం! తూర్పు ద్వారం. ఆగ్నేయంలో వంటిల్లు. ఈశాన్యంలో ఏకంగా వాగే పారుతోందే! వీళ్లకి ఇంత వాస్తు ఎవరు నేర్పారు?"

"మరి ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారండీ? మంచి కారు కూడా రాదు ఈ ధరకి."

"పల్లెటూరు కదే."

వకీలుతో పని లేదన్నాడు అమ్మేవాళ్ల మనిషి. అప్పుడైనా అనుమానం రావొద్దూ? రాలేదు. వచ్చేందుకు టైమెక్కడిది? ఆవేళ శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. విద్యాసాగర్ పదీ ఇరవైకి కారు బానెట్ మీద కాగితాలు పరిచి, తొమ్మిది పేజీల మీదా చకచకా సంతకాలు గీకి, పదీ ఇరవై ఆరుకి హమ్మయ్య అన్నాడు. కావలసిన ముక్క ఏడో పేజీలో ఉంది. దాన్ని నోటితో చెప్పాలని అమ్మినవాడికి తోచలేదు. ఆ దేశంలో అది పసిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి.

వారం తిరిగాక మంచిరోజు చూసుకుని, పిల్లలు రోహన్‌నీ ప్రణీతనీ వెంటేసుకుని, క్యాంపింగ్ స్టవ్ మీద పాలు పొంగించి, గడపకి పసుపు రాశారు. సరిగ్గా అప్పుడొచ్చాడు ఆ ముసలాయన. పేరు కెన్. బడి బస్సు నడుపుతాడు. పాడి కంపెనీ తరఫున కంచెలూ గేట్లూ చూస్తుంటాడు.

"ఎక్కడికి పట్టుకుపోవాలి?" అన్నాడు విద్యాసాగర్ నవ్వుతూ. ఈ దేశస్థుల, అంటే కివీల, జోకులు ఒక్కోసారి ఇలాగే ఉంటాయనుకున్నాడు.

"అది మీ ఇష్టం. లారీ వచ్చే రోజు ముందుగా చెబితే కంచె తీసి దారిస్తాను. ఇల్లు మీది, నేల కంపెనీది. అరవై రోజుల్లో తీసేయాలి కదా. అప్పుడే ఎనిమిది అయిపోయాయి."

పాలగిన్నె అక్కడే పెట్టి ఏడో పేజీ తీశారు. ఉంది. చక్కటి అక్షరాలతో ఉంది.

కెన్ పాపం ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఇక్కడి ఇళ్లకి పునాదులుండవు. చెక్క దిమ్మెల మీద నిలబెడతారు. జాకీలు పెట్టి పైకెత్తి, లారీ మీదకి తోసి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. గొర్రెల పొలాలన్నీ పాడి కంపెనీ కొంటోంది. వాళ్లకి కావలసింది గడ్డి, ఇళ్లు కాదు. అందుకని ఇళ్లని విడిగా అమ్మేస్తున్నారు. తొమ్మిదేళ్లలో పదకొండు ఇళ్లు లారీలెక్కి ఊరు దాటిపోయాయి.

విద్యాసాగర్ నోరు వెళ్లబెట్టాడు. సీతారత్నం మొగుడి వైపు చూసింది. ఆ చూపు ఎలాంటిదో పెళ్లయినవాళ్లకి చెప్పనక్కర్లేదు, కానివాళ్లకి తెలియకపోవడమే మేలు.

"ఈశాన్యం చూశారు. ఆగ్నేయం చూశారు. కాళ్ల కింద నేల ఉందో లేదో చూశారా?"

"అందరూ ఇల్లంటే నేలతో కలిపే కదే అమ్ముతారు..."

"కొంప ముంచారండీ! కాదు, కొంప మిగిల్చి నేల ముంచారు!" అని వరండా మెట్టు మీద కూలబడి భోరుమంది. ఎనిమిదేళ్ల ఏడుపు అది, ఒక పట్టాన ఆగలేదు.

మాడిన పాల వాసనకో, ఆ ఏడుపుకో, రోడ్డవతలి ఇంట్లోంచి ఒకామె వచ్చింది. తలకి గుడ్డ, కాళ్లకి రబ్బరు బూట్లు, చేతిలో వేయించిన అరటిపండు ముక్కల పళ్లెం. పేరు రహ్మా. సొంతూరు ఇండొనేషియాలో సులవేసి అనే దీవిలో చిన్న పల్లె. కంచెలు వేసే కివీని చేసుకుని ఈ ఊరొచ్చి ఆరేళ్లయింది. పళ్లెం సీతారత్నం ఒళ్లో పెట్టి, కెన్‌ని అడిగి సంగతంతా తెలుసుకుని, పక్కన కూర్చుని పకపకా నవ్వింది.

"ఇందులో ఏడవడానికేముంది? మా ఊళ్లో ఇల్లు కొంటే ఇల్లే కొన్నట్టు. నేల మాట వేరే. కొన్నాక మోసుకుపోతారు."

"లారీ మీదా?"

"లారీ ఎక్కడిది! భుజాల మీద. మా ఇళ్లు కూడా చెక్కవే, పొడుగాటి స్తంభాల మీద ఉంటాయి. కింద వెదుళ్లు కట్టి అరవై డెబ్భై మంది మగాళ్లు ఒక్కసారి లేపుతారు. ఆడవాళ్లం వండుతాం. మా అమ్మ ఇల్లు అలాగే సముద్రం ఒడ్డు నుంచి కొండ పక్కకి నడిచింది. ఇప్పుడు మా చెల్లెలు ఉంటోంది అందులో. అక్కడికి తారు రోడ్డు పడింది, కోకో తోటలు వేశారు, ఎవరెవరో పట్నం వాళ్లు కార్లేసుకొచ్చి స్థలం ఉందా స్థలం ఉందా అని తిరుగుతున్నారట. ఒక్కడికీ దొరకలేదు."

"ఎందుకని?"

"వచ్చీ రాగానే నేల అడిగితే ఎవరిస్తారు? ముందు ఊళ్లో వాళ్లతో కూర్చుని తినాలి. వాళ్ల పెళ్లిళ్లలో పాత్రలు కడగాలి. తర్వాత వాళ్లే అడుగుతారు, ఏమ్మా, ఇల్లెక్కడ పెట్టుకుంటావు అని."

సీతారత్నం ముక్కు చీది అరటిముక్క నోట్లో వేసుకుంది. వేడి వేడిగా, అచ్చం అమ్మ చేసినట్టుంది.

ఊళ్లో ఖాళీ స్థలం, అక్కడ సెక్షన్ అంటారు, ఒకటుంది. కమ్యూనిటీ హాలు పక్కనే. అది కెన్‌దే. ఒకప్పుడు వాళ్లమ్మ ఇల్లు ఉన్న చోటు. ఆ ఇల్లు కూడా పదకొండింటిలో ఒకటైపోయింది. సీతారత్నం ఆ రోజే వెళ్లి అడిగింది. కెన్ టోపీ తీసి మర్యాదగా, "ఇవ్వనమ్మా," అన్నాడు. "పట్నం వాళ్లు వస్తారు. చవగ్గా కొంటారు. రెండేళ్లకి ధర పెరగ్గానే అమ్ముకుని పోతారు. మా ఊళ్లోంచి ఇప్పటిదాకా పోయిన ఇళ్లు చాలు."

ఆ వారంలోనే ఇంకో ముచ్చట. డునెడిన్ బిల్డరొకడు విద్యాసాగర్‌కి ఫోను చేశాడు. ఆ ఇంటి చెక్క మేలు రకమట. కొన్నదానికి సగం పైన వేసిస్తానన్నాడు. విద్యాసాగర్ ఎగిరి గంతేశాడు.

"చూశావా రత్నం, ఏం జరిగినా మన మంచికే! ఇచ్చేద్దాం. ఆ లాభం వేసుకుని పట్నంలో ఇంకోటి చూద్దాం."

"అంటే ఇరవై అయిదోదా?"

"అది కాదే..."

"ఇవ్వను," అంది సీతారత్నం. "ఆ ఇంటి గడపకి పసుపు రాశాను. నేల నేను చూస్తాను."

ఎలా చూస్తుందో ఆమెకే తెలియదు. మర్నాడు లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే రహ్మా మాటలే చెవుల్లో తిరిగాయి. మధ్యాహ్నానికల్లా ఒక నిర్ణయానికొచ్చింది. సోమవారం పొద్దున పిల్లలిద్దర్నీ కారెక్కించి యాభై నిమిషాలు డ్రైవ్ చేసి మటాయ్ క్రీక్ బడిలో చేర్పించేసింది.

విద్యాసాగర్ ఒంటికాలి మీద లేచాడు. "నీకేమైనా మతి పోయిందా? ఇల్లు గాల్లో ఉంది! స్థలం లేదు! బడి మాత్రం ఉందా?"

"బడి ఉంది కాబట్టే చేర్పించాను. పిల్లలు చాలక మూసేస్తారట. పదిహేడు మందే ఉన్నారు. ఇప్పుడు పందొమ్మిది."

"మమ్, ఓన్లీ సెవెన్టీన్ కిడ్స్!" అని రోహన్ మొదటిరోజు గింజుకున్నాడు. నాలుగో రోజుకి ఆ పదిహేడు మంది పేర్లూ, వాళ్ల కుక్కల పేర్లూ వాడికి నోటికి వచ్చాయి.

సీతారత్నం మధ్యాహ్నం షిఫ్టుకి మారింది. పొద్దున్నే పిల్లల్ని దింపి వెనక్కొచ్చి పనికి వెళ్లేది. బడి వదిలాక పిల్లలు రహ్మా దగ్గరుండేవాళ్లు. సాయంత్రం విద్యాసాగర్ గొణుక్కుంటూ వెళ్లి తెచ్చుకునేవాడు. గొణుగుడు రెండు వారాలే సాగింది. రహ్మా పెట్టే కొబ్బరిపాల కూర తినకుండా ఎవరూ గేటు దాటరు. తినేవాడు గొణగలేడు. అంతలో బడి టీచరమ్మ, మా కంప్యూటర్లు ఆర్నెల్లుగా చచ్చి పడున్నాయి, కాస్త చూస్తారా అంది. చూశాడు, లేచి కూర్చున్నాయి. దాంతో హాలు వాళ్ల ప్రింటరూ, బారు వాళ్ల టీవీ కూడా ఆయన చేతికే వచ్చాయి. బిల్డరు మళ్లీ ఫోను చేస్తే, "కనుక్కుని చెప్తాను," అన్నాడు. ఎవర్ని కనుక్కుంటాడో చెప్పలేదు.

సీతారత్నం కూడా ఊరికే ఉండలేదు. ఒకరి అంత్యక్రియలకి హాల్లో టీ కప్పులు కడిగింది. బడి కోసం కేకులమ్ముతుంటే తనకి కేకులు రావు గనుక గారెలు వేసి అమ్మింది. పదకొండింటికి పెట్టిన గారెలు పదకొండున్నరకి లేవు. కెన్ నాలుగు తిన్నాడు, అయిదోది జేబులో వేసుకున్నాడు. స్థలం మాట ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. లోపల మాత్రం ఆమె మిగిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. అరవయ్యో రోజుకి ఇల్లు కదలకపోతే కంపెనీ వాళ్లే కూల్చేస్తారని ఏడో పేజీలోనే ఉంది మరి.

ముప్పై మూడో రోజున పిల్లలు కెన్ గేటెక్కి ఊగుతుంటే ఆయన ప్రణీతని అడిగాడట, మీ ఇల్లెక్కడ పాపా అని. ఆరేళ్ల పిల్ల వాగు పక్క ఇంటిని చూపించి, "అదే. కానీ దానికి కూర్చోడానికి ప్లేస్ లేదు, పాపం నిలబడే ఉంది," అందట.

మర్నాడు పొద్దున సీతారత్నం పిల్లల్ని దింపేసరికి కెన్ బడి గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"మూడేళ్ల దాకా అమ్మనని కాగితం రాసిస్తావా?"

సీతారత్నం కారు తలుపు మూసి ఆయన వైపు తిరిగింది. "రాసివ్వను," అంది. "చదవకుండా సంతకాలు పెట్టే ఇంటివాళ్లం మేం. మా కాగితానికేం విలువుంటుంది? మా పిల్లల్ని రోజూ చూస్తున్నారు కదా. దాన్ని బట్టి ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానేయండి."

కెన్ అంత గట్టిగా నవ్వడం ఆ ఊళ్లో వాళ్లు చాలా ఏళ్లుగా వినలేదు. డైరీ కొట్టావిడ బయటికొచ్చి చూసింది. ఆ నవ్వులోనే బేరం కుదిరిపోయింది.

కుదిరాక విద్యాసాగర్ దిక్సూచి తీశాడు. తీసి, కుప్పకూలాడు. ఆ స్థలానికి రోడ్డు దక్షిణాన ఉంది.

"దక్షిణ ద్వారమా! యముడి దిక్కు! వీల్లేదు. తలుపు తూర్పుకి పెట్టిద్దాం."

"తూర్పున హాలు గోడ ఉంది. తలుపు తీసి గోడకి నమస్కారం పెట్టాలా? అయినా ఈ దేశంలో సూర్యుడే ఉత్తరాన తిరుగుతున్నాడు. మీ వాస్తు పుస్తకం రాసినాయన ఇక్కడికొచ్చి చూశాడా?"

విద్యాసాగర్ వెంటనే ఫోన్ కార్డు గీకి గుంటూరులో వాస్తు సుబ్బయ్యగారికి చేశాడు. ఇల్లు లారీ మీద వస్తోందనీ, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చనీ, సూర్యుడు ఉత్తరాన ఉన్నాడనీ చెప్పాడు. సుబ్బయ్యగారు పుస్తకం పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. ఆఖరికి, "నాయనా, ఇల్లాలు ఎటు పెట్టమంటే అటు పెట్టుకో," అని ఫోను పెట్టేశారు. అంత పెద్దాయన చెప్పాక ఇంకేముంది!

కౌన్సిల్ వాళ్ల అనుమతి కాగితాలు వచ్చేసరికి యాభై ఏడో రోజయింది. ఇళ్లని సాధారణంగా రోడ్లు ఖాళీగా ఉండే రాత్రిపూట తోలతారు. కానీ ఇక్కడ వెళ్లాల్సింది అర కిలోమీటరే గనుక శనివారం పట్టపగలే తెస్తామన్నాడు లారీ ఆయన. రహ్మా ముందురోజే హుకుం జారీ చేసింది, ఇల్లు నడిచే రోజు ఆడవాళ్లు వండాల్సిందేనని. సీతారత్నం అయిదు కిలోల బియ్యం పులిహోర కలిపింది. రహ్మా రెండు కోళ్ల కూర వండింది.

శనివారం పదింటికి జాకీలు ఇంటిని పైకి లేపాయి. లారీ కిందకి దూరింది. వరండాతో సహా ఇల్లు ఇల్లంతా కదిలి కంచె దాటి రోడ్డెక్కింది. దాని వెనకే సీతారత్నం పులిహోర గిన్నె చంకనేసుకుని నడిచింది, పక్కన రహ్మా, ముందు పిల్లలు. ఇంటికి ఎక్కడ గీత పడుతుందోనని విద్యాసాగర్ లారీకి అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు.

ఊరంతా రోడ్డు పక్కకి వచ్చి నిలబడి ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. మగవాళ్లంతా టోపీలు తీసి పట్టుకున్నారు. సీతారత్నానికి భయమేసింది. "ఎందుకిలా ఉన్నారు? మనం రావడం ఇష్టం లేదా?" అని రహ్మా చెవిలో అడిగింది.

"అలవాటు," అంది రహ్మా. "ఇల్లు వెళ్లిపోయేటప్పుడు ఇలాగే నిలబడతారు."

ముందు నాలుగు రోడ్ల కూడలి. ఎడమకి తిరిగితే హైవే. పదకొండు ఇళ్లూ అటే వెళ్లాయి. కుడికి తిరిగితే హాలు. సంగతి అందరికీ తెలుసు, స్థలం ఇచ్చినాయన వాళ్ల మధ్యే ఉన్నాడు, దిమ్మెలు పాతింది వాళ్లే. అయినా లారీ కూడలిలో ఆగి, వెనక్కి ముందుకి సర్దుకుంటున్నంతసేపూ అందరి కళ్లూ దాని ముందు చక్రాల మీదే ఉన్నాయి.

లారీ కుడికి తిరిగింది.

ఎవరో ఒకరు కేక వేస్తారనుకుంది సీతారత్నం. ఎవరూ వేయలేదు. కెన్ ఒక్కడు టోపీ తలమీద పెట్టుకున్నాడు. అది చూసి పక్కవాళ్లు పెట్టుకున్నారు. వరసగా రోడ్డు చివరి దాకా మగవాళ్లందరూ ఒక్కొక్కరే టోపీలు పెట్టేసుకున్నారు.

సీతారత్నం గిన్నె రోడ్డు మీద దింపి అక్కడే కూర్చుని ఏడ్చేసింది. విద్యాసాగర్ హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది రత్నం? ఇల్లు క్షేమంగానే ఉందే! లారీ ఆయన అడుగుతున్నాడు, తలుపు ఎటు పెట్టాలని. ఏం చెప్పను?"

"వీళ్లందరూ కనబడేట్టు పెట్టమనండి," అంది ముక్కు చీదుకుంటూ.

ఆయన దిక్కు అడగలేదు. లారీ దగ్గరికి పరిగెత్తి, రోడ్డు మీద నిలబడ్డ జనం వైపు చెయ్యి చూపించాడు.